ఇంట్లో ఒక్కటే ఫోన్, పదో తరగతి పిల్లలు: చదువుకి దాన్ని ఎలా వాడుకోవాలి

చాలా ఇళ్లల్లో స్మార్ట్‌ఫోన్ ఒక్కటే ఉంటుంది, అది పొద్దున్నే నాన్నతో పాటు పనికి పోయి సాయంత్రం ఏడింటికో ఎనిమిదింటికో ఇంటికొస్తుంది, రాగానే పిల్లలు దాని మీద పడతారు. చదువుకోడానికే అంటారు పిల్లలు, ఏం చదువో మాకు తెలుసులే అంటారు పెద్దవాళ్లు, చూడబోతే ఇద్దరి మాటా సగం సగం నిజమే. పల్లెటూరి పిల్లల చదువు ఎలా ఉందో దేశమంతా చూసే అసర్ సర్వే అని ఒకటుంది, 2024లో దాంట్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్ని అడిగితే 82 శాతం మంది స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చన్నారు, వాళ్లల్లో ఆ ముందు వారంలో చదువు పనికి ఫోన్ వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకి వాడినవాళ్లు 76 శాతం. అంటే చదువుకి వాడట్లేదని కాదు, వాడుతున్నారు, కాకపోతే ఒక పని మీద తీసిన ఫోన్ ఇంకో పనిలో తేలుతోంది.

నేను హైస్కూల్ పిల్లలకి సాయంత్రం పూట లెక్కలు, సైన్సు చెప్తుంటాను కాబట్టి తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేది ఇదే, ఫోన్ ఇవ్వాలా వద్దా అని. ఆ ప్రశ్న వదిలేయండి. ఇవ్వకపోతే పక్కింటి వాళ్ల ఫోన్లో చూస్తారు, ఊరికే ఇచ్చేస్తే రీల్స్‌లో పడతారు. ఎలా ఇస్తున్నాం అన్నదే అసలు సంగతి. దానికి నాకు తెలిసిన పద్ధతి ఒకటుంది, పైసా ఖర్చు లేదు, ఒక పాత నోట్‌బుక్, పెన్ను చాలు.

ముందు చీటీ, తర్వాత ఫోన్

కిరాణా కొట్టుకి సరుకుల చీటీ లేకుండా వెళ్తే ఏమవుతుందో తెలుసు కదా, కావాల్సిన కందిపప్పు మర్చిపోయి అక్కర్లేని బిస్కెట్ ప్యాకెట్లు నాలుగు పట్టుకొస్తాం. ఫోన్ కూడా అంతే. కాబట్టి ఫోన్ ముట్టుకునే ముందే ఈ రోజు దాంట్లో ఏం చూడాలో కాగితం మీద రాయాలి. "ఫిజిక్స్ చూడాలి" అని రాస్తే అది చీటీ కాదు. "కుంభాకార కటకం, వస్తువు 2ఎఫ్ దగ్గర (నాభ్యాంతరానికి రెట్టింపు దూరంలో) పెడితే ప్రతిబింబం ఎక్కడ పడుతుంది, కిరణ చిత్రం గియ్యడం రావట్లేదు" అని పేజీ నంబరుతో సహా రాస్తే అది చీటీ. ఏ పాఠం, ఏ పేజీ, ఎక్కడ ఆగిపోయాను, ఈ మూడూ ఉండాలి. అలా రాయాలంటే ముందు పుస్తకం తెరిచి చదవాలి కదా, సగం డౌట్లు రాస్తుండగానే తీరిపోతాయి, ఫోన్ దాకా రావు కూడా.

రోజుకి మూడు డౌట్లకి మించి రాయొద్దని చెప్తాను నేను. ఒక్కో డౌట్ పక్కన పావుగంటో ఇరవై నిమిషాలో టైమ్ కూడా వేసుకోవాలి. ఆ మూడూ అయిపోగానే ఫోన్ మళ్లీ ఇచ్చెయ్యాలి, టైమ్ మిగిలినా సరే. మొదటి వారం పిల్లలు సణుగుతారు, పెద్దవాళ్లు కూడా చీటీ అడగడం మర్చిపోతారు, అడగండి, తిట్టకుండా అడగండి చాలు.

ఫోన్ ఇచ్చే ముందు సర్దాల్సినవి

ఇది పెద్దవాళ్ల పని. తెలియకపోతే పిల్లల్నే పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యండి, వాళ్లకి మనకంటే బాగా వచ్చు, సిగ్గుపడాల్సిన పనేం లేదు.

అన్నిటికంటే పనికొచ్చేది యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ, అంటే చూసిన వీడియోల లిస్టు, ఆపెయ్యడం. చదువుకి విడిగా ఒక గూగుల్ అకౌంట్ తెరిచి యూట్యూబ్‌ని ఆ అకౌంట్‌కి మార్చి, సెట్టింగ్స్‌లో హిస్టరీ దగ్గరికి వెళ్లి వాచ్ హిస్టరీ పాజ్ చేసి, ఉన్నదేదైనా ఉంటే తుడిచెయ్యండి. అప్పుడు యూట్యూబ్ తెరిస్తే హోమ్ పేజీ దాదాపు ఖాళీగా ఉంటుంది, సెర్చ్ పెట్టె ఒక్కటే ఎదురుగా కనిపిస్తుంది, అంటే చీటీలో ఉన్నది టైప్ చెయ్యడం తప్ప వేరే పని ఉండదు. 2023 నుంచి యూట్యూబ్ ఇలా పని చేస్తోంది, చాలామందికి ఈ సంగతి తెలియదు. దాంతో పాటు ఆటోప్లే కూడా ఆపెయ్యండి, ఒక వీడియో అవ్వగానే ఇంకోటి దానంతటదే మొదలవ్వదు.

రెండోది యాప్ పిన్నింగ్. ఫోన్‌ని ఒకే యాప్ మీద కట్టి పడేసినట్టు అన్నమాట, దాంట్లోంచి బయటికి రావాలంటే పిన్ అడిగేలా పెట్టుకోవచ్చు. ఒక్కో కంపెనీ ఫోన్లో ఒక్కో చోట ఉంటుంది, సెట్టింగ్స్ పైన సెర్చ్ పెట్టెలో పిన్నింగ్ అని వెతికితే దొరుకుతుంది. దీక్ష (ప్రభుత్వం వాళ్ల పాఠాల యాప్, దాని గురించి కింద చెప్తాను) తెరిచి పిన్ చేసి చేతికిచ్చారనుకోండి, వాట్సాప్ వైపు పోవడానికి ఉండదు.

డిజిటల్ వెల్‌బీయింగ్‌లో యాప్ టైమర్లు ఉంటాయి, ఇన్‌స్టాకి రోజుకి అరగంట అని పెట్టొచ్చు, కానీ ఆ టైమర్ తీసెయ్యడం పిల్లలకి రెండు నిమిషాల పని, కాబట్టి దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. పిల్లలకి విడిగా ఫోన్ ఉంటే మాత్రం గూగుల్ ఫ్యామిలీ లింక్ పెట్టుకోవచ్చు, ఏ యాప్ ఎంతసేపు చూశారో మీ ఫోన్లో కనిపిస్తుంది, రాత్రి ఫలానా టైమ్‌కి లాక్ అయ్యేలా కూడా పెట్టొచ్చు. కాకపోతే పిల్లలకి చెప్పి పెట్టండి. చాటుగా పెడితే ఎప్పుడో ఒకరోజు తెలుస్తుంది, ఆ తర్వాత వాళ్లు మీకు ఏదీ చెప్పరు.

ఇంకోటి, డబ్బులు. మన దగ్గర చాలా ఇళ్లల్లో ఫోన్‌పే కొట్టేది పిల్లలే, అమ్మకి రాదు, నాన్న ట్రాక్టర్ మీద ఉంటాడు, యూపీఐ పిన్ ఇంట్లో అందరికీ తెలుసు. గేముల్లో డైమండ్లు కొనే ముచ్చట అక్కడే మొదలవుతుంది. పిన్ మార్చి మీ దగ్గరే ఉంచుకోండి. డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలైతే పెద్దవాళ్లకి కూడా లేవిప్పుడు, 2025లో కేంద్రం వాటిని నిషేధిస్తూ చట్టమే తెచ్చింది, అయినా లింకులు తిరుగుతూనే ఉంటాయి.

డేటా సంగతి. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ వేసుకున్న ఇంట్లో సాయంత్రానికే సగం అయిపోయి ఉంటుంది. యూట్యూబ్‌లో వీడియో క్వాలిటీని డేటా సేవర్‌లో పెట్టండి, బోర్డు మీద రాసింది కనిపిస్తే చాలు, సార్ మొహం అంత క్లియర్‌గా ఎందుకు. వాట్సాప్‌లో ఫోటోలు వీడియోలు వాటంతటవే డౌన్‌లోడ్ అవ్వడం ఆపెయ్యండి, ఫ్యామిలీ గ్రూపు గుడ్ మార్నింగ్‌లకే బోలెడు డేటా పోతుంది. రాత్రి పన్నెండు దాటగానే కొత్త డేటా వస్తుందని మేలుకుని కూర్చునే పిల్లలు ఉన్నారు, నిజంగా ఉన్నారు, కాబట్టి రాత్రి ఫోన్ ఛార్జింగ్ హాల్లోనే, పెద్దవాళ్లది కూడా అక్కడే.

చీటీలో రాసింది ఎక్కడ వెతకాలి

మొదట దీక్ష యాప్. పాఠ్యపుస్తకాల్లో నల్ల చుక్కల పెట్టెల్లా క్యూఆర్ కోడ్‌లు ఉంటాయి కదా, చాలామంది అవి అందం కోసం వేశారనుకుంటారు. దీక్ష యాప్ వేసుకుని బోర్డు, మీడియం, తరగతి సెలెక్ట్ చేసి ఆ కోడ్ స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించినవే వస్తాయి, పక్క దారి పట్టడానికి అక్కడ ఏమీ ఉండదు, అందుకే మొదట ఇదే చెప్తాను. ఇది 2017 నుంచి ఉంది, ఫ్రీ. వైఫై ఉన్నచోట డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే తర్వాత నెట్ లేకుండా చూడొచ్చు. అన్ని పాఠాలకీ మంచి వీడియో ఉంటుందని చెప్పను, కొన్నిచోట్ల ఉత్త పీడీఎఫ్ వస్తుంది, అప్పుడు వేరే చోట వెతుక్కోవాలి.

ఇంట్లో టీవీ ఉంటే దాన్ని మర్చిపోవద్దు. కరోనా టైమ్‌లో, 2020 సెప్టెంబర్ 1 నుంచి, తెలంగాణలో డిజిటల్ పాఠాలు నడిచింది దూరదర్శన్ యాదగిరి, తెలంగాణ ప్రభుత్వ పాఠాల చానల్ టీ-శాట్ మీదే, ఆంధ్రాలో సప్తగిరి చానల్లో విద్యావారధి పేరుతో వచ్చాయి. టీ-శాట్ పాఠాలు వాళ్ల యాప్‌లో, యూట్యూబ్‌లో కూడా దొరుకుతాయి, తెలుగులో మన టీచర్లు చెప్పినవి, ఆంధ్రా పిల్లలు కూడా చూసుకోవచ్చు, కాకపోతే రెండు రాష్ట్రాల పుస్తకాలు వేరు కాబట్టి మన పుస్తకంలో ఆ పాఠం ఉందో లేదో ముందు చూసుకోవాలి. పెద్ద తెర మీద నలుగురూ కలిసి చూస్తే కళ్లకి కూడా నయం.

ఇక సైన్సుకి నాకు బాగా నచ్చింది ఫెట్ సిమ్యులేషన్స్, అంటే తెర మీదే చేసి చూసుకునే ప్రయోగాలు. అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ వాళ్లవి, నోబెల్ వచ్చిన ఫిజిక్స్ ప్రొఫెసర్ కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టాడు, ఫ్రీగా బ్రౌజర్లోనే నడుస్తాయి. ఇందాకటి చీటీలో కుంభాకార కటకం ఉంది కదా, ఫెట్‌లో జామెట్రిక్ ఆప్టిక్స్ అని ఉంటుంది, దాంట్లో పెన్సిల్‌ని వేలితో ముందుకీ వెనక్కీ జరుపుతుంటే ప్రతిబింబం ఎలా మారుతుందో కళ్ల ముందే కనిపిస్తుంది. వస్తువు సరిగ్గా 2ఎఫ్ మీదకి రాగానే అవతల 2ఎఫ్ దగ్గర అంతే సైజులో తలకిందులుగా వస్తుంది, ఇంకా దగ్గరికి, ఎఫ్ వైపుకి తెస్తే ప్రతిబింబం పెద్దదవుతూ దూరం పోతుంది. ల్యాబ్‌లో కటకం ఒక్కటే ఉండి నలభై మంది పిల్లలున్న క్లాసులో ఒక్కొక్కరికి ఎంతసేపు దొరుకుతుంది చెప్పండి, ఇక్కడ ఎన్నిసార్లయినా జరుపుకోవచ్చు. ఓమ్ నియమం, సర్క్యూట్లు, సమీకరణాలు తుల్యం చెయ్యడం, వీటికీ ఉన్నాయి.

లెక్కలకి జియోజెబ్రా అనే యాప్. బహుపదుల గ్రాఫులు వేసి చూసుకోవడానికి బాగుంటుంది, అంతకు మించి పదో తరగతికి అక్కర్లేదు.

వీడియో చూడటం ఎలా (పిల్లలూ, ఇది మీకు)

వీడియో చూస్తున్నప్పుడు అంతా అర్థమైపోయినట్టే ఉంటుంది. సార్ గీస్తుంటే మనమే గీసినట్టు ఉంటుంది. తీరా ఫోన్ పక్కన పెట్టి తెల్ల కాగితం మీద గియ్యమంటే మొదటి గీత దగ్గరే ఆగిపోతారు. అందుకని వీడియోని మొదటి నుంచి చివరిదాకా సినిమాలా చూడకు. కటకం బొమ్మ వచ్చిందా, పాజ్ కొట్టు, తర్వాత ఏ కిరణం గీస్తాడో నువ్వు ముందే నోట్‌బుక్‌లో గీసి, అప్పుడు ప్లే కొట్టి చూడు. సరిపోతే ముందుకెళ్లు, లేకపోతే ఎక్కడ తేడా వచ్చిందో పక్కన రాసుకో. పది నిమిషాల వీడియోకి ఇరవై నిమిషాలు పడుతుంది, పట్టనీ. డబుల్ స్పీడ్‌లో పెట్టి మూడు చాప్టర్లు అయిపోయాయి అనేవాళ్లని నమ్మకు. అయ్యాక ఫోన్ బోర్లా పెట్టేసి పుస్తకంలో అదే పాఠం కింద ఉన్న ఒక లెక్క చెయ్యి, అది వస్తేనే చీటీలో ఆ లైను కొట్టెయ్యి.

ఇంగ్లీష్ మీడియంలో ఉండి పాఠం తలకెక్కని వాళ్లు, భయపడొద్దు, ముందు తెలుగు వీడియో చూసి విషయం పట్టుకో, తర్వాత ఇంగ్లీష్ పేరా చదువు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఒక పేజీ ఇంగ్లీష్ పక్క పేజీ తెలుగు ఉన్న పుస్తకాలు ఇచ్చారు కదా, అవి ఉంటే మొదట వాటినే వాడు. లేకపోతే గూగుల్ లెన్స్‌తో పేజీ మీద కెమెరా పెడితే తెలుగులోకి మారుస్తుంది, కాకపోతే సైన్సు పదాల్ని ఒక్కోసారి విచిత్రంగా మారుస్తుంది, అలాంటివి టీచర్‌ని అడుగు. జవాబు మాత్రం పరీక్ష ఏ భాషలో రాస్తావో ఆ భాషలోనే రాసి చూసుకోవాలి.

బయాలజీ, సోషల్ లాంటి వాటికి ఒక చిట్కా. ఫోన్లో వాయిస్ రికార్డర్ ఉంటుంది, నీ జవాబులు నువ్వే చదివి రికార్డ్ చేసుకో, బస్సులో పోయేటప్పుడో అంట్లు తోమేటప్పుడో విను. తెర చూడక్కర్లేదు, డేటా అక్కర్లేదు.

లెక్క ఫోటో తీస్తే జవాబిచ్చే యాప్‌లు, ఏఐ

ఇవి ఇప్పుడు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి, వాడొద్దంటే ఎవరూ వినరు, ఎలా వాడాలో చెప్పడం మేలు. 2ఎక్స్ స్క్వేర్ మైనస్ 7ఎక్స్ ప్లస్ 3 ఈక్వల్ టు 0 అనే లెక్క ఫోటో తీశావనుకో, 3, అర అని జవాబు వచ్చేస్తుంది. కానీ ప్రశ్నలో కారణాంక పద్ధతిలో చెయ్యమంటే, యాప్ ఫార్ములా పెట్టి చేసి చూపించిందనుకో, అదే ఎక్కించి వస్తే పేపర్ దిద్దే టీచర్ స్టెప్పులకి మార్కులు ఎలా వేస్తారు? మైనస్ 7ఎక్స్‌ని మైనస్ 6ఎక్స్, మైనస్ ఎక్స్‌గా విడగొట్టాలని నీకు తట్టాలి, అది తట్టడమే ఆ లెక్క.

కాబట్టి వరస తిప్పు. ముందు నువ్వు చెయ్యి, తప్పయినా సరే. తర్వాత నువ్వు చేసింది ఏఐకి చూపించి ఇలా అడుగు: "నాకు జవాబు చెప్పొద్దు, ఏ లైన్లో తప్పు చేశానో మాత్రం చెప్పు." తెలుగులోనే టైప్ చెయ్యొచ్చు, టైపింగ్ రాకపోతే కీబోర్డులో మైక్ నొక్కి మాట్లాడొచ్చు. ఇంకా బాగా పనికొచ్చేది, పాఠం పేరు చెప్పి "ఈ పాఠం మీద నన్ను ఐదు ప్రశ్నలు ఒక్కొక్కటిగా అడుగు, నేను చెప్పాకే తర్వాతది అడుగు" అనడం, ఇంట్లో అప్పజెప్పించుకునేవాళ్లు లేని పిల్లలకి ఇది నిజంగా వరమే. ఒక్కటి గుర్తుంచుకో, అవి తప్పు కూడా చాలా ధీమాగా చెప్తాయి, మన రాష్ట్ర సిలబస్, మన పరీక్ష పద్ధతి విషయంలో మరీ. పుస్తకంతో సరిచూసుకోకుండా ఏదీ నోట్స్‌లో ఎక్కించుకోకు. ప్రాజెక్ట్ వర్క్ మొత్తం దాంతో రాయించేస్తే టీచర్లకి తెలిసిపోతుంది, నీ భాష వాళ్లకి తెలియదా ఏంటి.

క్లాస్ వాట్సాప్ గ్రూపు, బయటి మనుషులు

గ్రూపు మ్యూట్‌లో పెట్టి రోజుకి ఒక్కసారి చూస్తే చాలు. హోంవర్క్ ఫోటోలు అడిగి ఎక్కించుకోవడం గురించి నేనేం చెప్పక్కర్లేదు, అది ఫోన్ లేని రోజుల్లోనూ ఉంది. పరీక్షల టైమ్‌లో పేపర్ లీక్ అయింది, రెండొందలు పంపితే ఇస్తాం అని టెలిగ్రామ్‌లో వచ్చేవి నూటికి తొంభైతొమ్మిది మోసమే. ఆ మిగిలిన ఒక్కటి ఇంకా ప్రమాదం, 2023 ఏప్రిల్‌లో తెలంగాణలో పదో తరగతి ప్రశ్నపత్రాల ఫోటోలు వాట్సాప్‌లో తిరిగినప్పుడు కేసుల దాకా వెళ్లింది. అలాంటిది వస్తే ఫార్వర్డ్ చెయ్యకుండా అక్కడే డిలీట్.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. అదే అసర్ సర్వేలో ఫోన్ వాడటం వచ్చిన మగపిల్లల్లో 36 శాతం మందికి సొంత ఫోన్ ఉంటే ఆడపిల్లల్లో 27 శాతం లోపే. ఇంట్లో ఒకే ఫోన్ ఉంటే అది ముందు అన్నకో తమ్ముడికో వెళ్తుంది, అమ్మాయి చేతికి వచ్చేసరికి బ్యాటరీ పది శాతం. పాడైపోతుందన్న భయంతో ఆపుతున్నాం అంటారు, ఆ భయం అబ్బాయి విషయంలో ఎందుకు ఉండదో నాకు అర్థం కాదు. చీటీ పద్ధతిలో పెడితే ఇద్దరికీ ఒకే టైమ్ ఇవ్వండి, అక్కడితో గొడవ పోతుంది.

ఎవరికైనా సరే, ప్రొఫైల్ ప్రైవేట్‌లో ఉంచడం, తెలియనివాళ్లని బ్లాక్ చెయ్యడం, పాస్‌వర్డ్ ఫ్రెండ్స్‌కి కూడా చెప్పకపోవడం నేర్పండి. ఎవరైనా ఫోటోలతో బెదిరిస్తే, డబ్బులు పోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, పిల్లల సాయానికి 1098 ఉంది. కానీ పిల్లలు ముందు మీ దగ్గరికే రావాలి, రావాలంటే "చెప్తే ఫోన్ లాక్కుంటారు" అన్న భయం ఉండకూడదు, ఆ మాట ముందే ఇచ్చి ఉంచండి.

కళ్ల గురించి ఒక్క ముక్క, ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడాలి, మంచం మీద దుప్పట్లో పడుకుని చూడకూడదు.

ఫిబ్రవరి, మార్చి వచ్చాక

అప్పుడు చీటీ ఇంకా చిన్నదవ్వాలి, రోజుకి ఒక్క డౌట్. పాత ప్రశ్నపత్రాలు ఫోన్లో జూమ్ చేసుకుంటూ చదవొద్దు, జెరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకోండి. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి కూర్చోబెట్టండి, అసలు పరీక్ష మొదలయ్యేది అప్పుడే కదా, ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి అలారం పెట్టి బీరువా మీద పెట్టండి. అలారం ఆంధ్రా పిల్లలకి పన్నెండుముప్పావుకి, తెలంగాణ పిల్లలకి పన్నెండున్నరకి. అలారం మోగే వరకు లేవకూడదు, మంచినీళ్లకి తప్ప. రాసిన జవాబు పత్రాన్ని అదే ఫోన్‌తో వెలుతురులో నిటారుగా ఫోటోలు తీసి, పేజీ నంబర్లు వరసలో పెట్టి, సబ్జెక్ట్ టీచర్‌కి పంపి "ఎక్కడెక్కడ మార్కులు పోతాయి సార్" అని అడగండి. చాలామంది టీచర్లు చూస్తారు. ముందు ఒకమాట అడిగి పంపండి, మొత్తం ఆరు సబ్జెక్టులూ ఒకే రాత్రి పంపకండి.